డబ్బాలకు సరిపోయిన స్ప్రింగులు

నా పేరు పైల హిమజ. వయసు ఇరవై తొమ్మిది. వృత్తి ల్యాబ్ టెక్నీషియన్. నివాసం పలాస. నా భర్త తారకేశ్వరరావు ఆర్మీలో హవల్దారు, ప్రస్తుతం జమ్మూలో ఉన్నారు. నా మరిది శ్యాంసుందర్ నా మీద ఇచ్చిన పిటిషను విచారణకు రమ్మని కబురు రాగా, 2008 ఆగస్టు 18, సోమవారం ఉదయం పదకొండు గంటలకు స్టేషనుకు వచ్చి, హెడ్ కానిస్టేబుల్ వైకుంఠరావు గారి ఎదుట ఈ విషయాలు చెబుతున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. బెదిరించినా ఇవే చెబుతాను.

నేను అతని కారు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు దొంగిలించానని పిటిషనులో రాశాడు. అతని కారు అనేది లేదు. తెల్ల జెన్ కారు నా పేరున ఉంది. ఆర్‌సీ తెచ్చాను, చూసుకోండి. సాయంత్రాలు వాడుకోనిచ్చినంత మాత్రాన కారు అతనిదైపోదు. ఈ మాట ఇంట్లో చాలాసార్లు చెప్పాను, ఇప్పుడు స్టేషనులో చెప్పవలసి వచ్చింది.

నేను కాశీబుగ్గలో ఒక ప్రైవేటు ల్యాబులో పని చేస్తాను. ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు రక్తపరీక్షకు పలాస దాకా రాలేరు. అందుకని నేనే పొద్దున్నే కారులో పూండి మీదుగా వజ్రపుకొత్తూరు, అక్కడి నుంచి మంచినీళ్ళపేట దాకా వెళ్ళి, వాళ్ళ ఇళ్ళలోనే రక్తం తీసి, గాజు గొట్టాల్లో పోసి, థర్మాకోల్ డబ్బాలో పెట్టి తీసుకొస్తాను. సాయంత్రం కారు శ్యాంసుందర్ తీసుకుంటాడు. అతను జీడిపప్పు బ్రోకరు. డిక్కీలో పప్పు డబ్బాలు వేసుకుని టెక్కలి, సోంపేట తిరుగుతాడు. అన్న లేని ఇంట్లో తమ్ముడి మాట కాదనకూడదని మా అత్తగారు అంటే సరే అన్నాను.

జూన్ నెలాఖరున అతను నాకు చెప్పకుండా కారును కాశీబుగ్గలో మెకానిక్ పోలారావు షెడ్డుకు తీసుకెళ్ళి, కారు కిందికి దిగేలా నాలుగు స్ప్రింగులూ కోయించేశాడు. కారు నేలకు కరుచుకుని ఉంటేనే అందమట. అందం సంగతి నాకు తెలియదు. పూండి రైల్వే గేటు దాటేటప్పుడల్లా కారు అడుగు పట్టాలకు రాసుకునేది. జూలైలో ఒకసారి ఆయిల్ ఛాంబరు పగిలి నడిరోడ్డు మీద నిలబడిపోయాను. ఆ రోజు రక్తం డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాను.

ఇంటికి వచ్చి కారు మామూలు ఎత్తుకు లేపించమన్నాను. "దించింది దించినట్టే ఉండాల వదినా. కుర్రోలంతా సూత్తన్నారు. నువ్వు నెమ్మదిగా ఎల్తే ఏటీ అవ్వదు" అన్నాడు. రోగుల రక్తం తెచ్చే బండిని కుర్రాళ్ళు చూడాలా అని అడిగాను. మా అత్తగారు ఇద్దరికీ సర్ది చెప్పారు. కారు కిందికే ఉంటుంది, కానీ రోజూ తిప్పడానికి పనికొచ్చేలా స్ప్రింగులు మార్పించాలి. ఇదీ ఒప్పందం.

ఆగస్టు 10, ఆదివారం మధ్యాహ్నం నేనూ శ్యాంసుందరూ పోలారావుతో అతని షెడ్డులో కూర్చున్నాం. "రోజూ తిప్పే బండికి స్ప్రింగు కోసీసి ఒగ్గీకూడదమ్మా. బండి దించినాక స్ప్రింగు అణగడానికి జాగా తగ్గిపోద్ది. దానికి తగ్గ స్ప్రింగు, దానికి తగ్గ షాకు జోడీగా ఎయ్యాల" అన్నాడు పోలారావు. మరి కోసింది నువ్వే కదా అన్నాను. "ఆయన కొయ్యమన్నాడు, కోసినాను" అన్నాడు. సిగ్గు కూడా పడలేదు.

అతని దగ్గర రెండు సెట్లు ఉన్నాయి. ఒకటి మెత్తనిది, కారును అంగుళమే దించుతుంది. రెండోది గట్టిది, రెండంగుళాలు దించుతుంది. "బండిలో ఏటి మోత్తారు?" అని పోలారావు అడిగాడు. నేను నోరు తెరిచేలోగా శ్యాంసుందర్ "డబ్బాలు" అన్నాడు. గట్టి సెట్టు వేశారు.

తరవాత ట్రయలుకు వెళ్ళాం. పలాసలో ఎవరి కారైనా డిక్కీలో జీడిపప్పు డబ్బాలు పడకుండా ఉండదు. అందుకని పోలారావు షెడ్డులో ఇసుక నింపిన డబ్బాలు ట్రయలు కోసమే ఉంటాయి. ఏ బండికైనా అవి వేసే చూస్తాడు. మా డిక్కీలోనూ వేశాడు. శ్యాంసుందర్ నడిపాడు, నేను పక్కన, పోలారావు వెనక. టెక్కలి దాకా వెళ్ళి వచ్చాం. కారు మెత్తగా పోయింది. నేను బాగుందన్నాను. డబ్బాలతో ట్రయలేమిటి, నా బండిలో పొద్దున్న ఉండేది దూది, సూదులే కదా అని నేను అడగలేదు. ఈ ఊళ్ళో ఎవరూ అడగరు. దాన్ని పట్టుకుని "వదినే ఒప్పుకుంది" అని అతను పిటిషనులో రాశాడు. ఒప్పుకున్నాను. డబ్బాలున్న కారుకు ఒప్పుకున్నాను.

మర్నాడు సోమవారం ఖాళీ కారులో బయలుదేరాను. వజ్రపుకొత్తూరు దాటాక ఆ వానాకాలపు గోతుల్లో, బరువు లేక గట్టి స్ప్రింగులు అణగక, కారు ఎద్దుబండి కంటే అన్యాయంగా ఎగిరింది. ల్యాబుకు వచ్చి గొట్టాలు మిషన్లో తిప్పి చూస్తే, పైన తేరే నీరు లేత పసుపుగా ఉండాల్సింది ఎర్రగా ఉంది. దాదాపు అన్నీ అంతే. కుదుపులకు రక్తకణాలు పగిలిపోయాయి. అవి పగిలితే వాటిలో ఉన్న పొటాషియం బయటికి వచ్చేస్తుంది. అప్పుడు పరీక్షలో పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. కిడ్నీ రోగికి పొటాషియం నిజంగానే పెరిగితే గుండె ఆగిపోతుంది. కాబట్టి ఆ అంకె అబద్ధం చెప్పకూడదు. ఇదంతా ఎందుకమ్మా అని హెడ్ కానిస్టేబుల్ గారు అంటున్నారు. ఇదే కావాలి, రాయండి.

ఆ సాయంత్రం శ్యాంసుందర్‌తో మెత్తని సెట్టు వేయిద్దామన్నాను. "డబ్బాలేత్తే బండి బొక్కబోర్లా పడిపోద్ది వదినా. నువ్వే డిక్కీలో ఇసకడబ్బాలు ఏసుకో" అని నవ్వాడు. బుధవారం అవి కూడా వేసుకున్నాను. కింద బొంత పరిచి, రక్తం డబ్బాను ముందు సీటుకు చీరతో కట్టాను. బరువుకు పూండి గేటు దగ్గర అడుగు మళ్ళీ కొట్టుకుంది. డబ్బాలు దించి అక్కడ టీకొట్టులో పెట్టి ఖాళీగానే వెళ్ళాను. మళ్ళీ ఎర్రగానే వచ్చాయి.

మంచినీళ్ళపేటలో రాజులమ్మ అని నా పేషెంటు. యాభై ఏళ్ళుంటాయి. భర్త పోలయ్య సముద్రంలో వేటకు వెళతాడు. ఆమె సోమవారం రక్తం ఇచ్చింది, పాడైంది. బుధవారం మళ్ళీ ఇచ్చింది, పాడైంది. శనివారం మూడోసారి వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. కాళ్ళు తేలిపోతున్నాయని, గుండెల్లో దడగా ఉందని చెప్పింది. నేను సూది తీయగానే చెయ్యి పైటలోకి లాక్కుంది.

"ఓలమ్మా, నాకాడ ఇంకేటున్నాదని? మొన్న తీసినావు, అటుమొన్న తీసినావు. ఆ రగతమంతా ఏటయినాది?"

పాడైపోయిందని చెప్పాను. "ఎలగ పాడయినాది? నీ సేతిలోనే ఉన్నాది గదా" అంది. కారు ఎగిరిందని చెప్పాను. అప్పుడు పోలయ్య లోపలి నుంచి వచ్చి నా కారు వైపు చెయ్యి చూపించాడు. "మా ఆడదాని రగతం అమ్ముకుంతన్నావా ఏటి? ఆ కారు సూడు, సోకుకి నేల మీద పాకతన్నాది. రోగిస్టోలకాడికి వొచ్చీదానివి, నీకు సోకేటి?" అన్నాడు. వీధిలో జనం పోగయ్యారు. పలాస ఆసుపత్రికైనా రండి, నేనే తీసుకెళతానన్నాను. ఆ కారు ఎక్కనంది. రేపు మంచి కారులో వస్తాను, ఒక్కసారి ఇవ్వమని బతిమాలాను. "రేపు సూద్దారి" అంది.

అక్కడి నుంచి తిన్నగా పోలారావు షెడ్డుకు వెళ్ళాను. తుక్కుకు వచ్చిన ఇంకో జెన్ కారు మామూలు స్ప్రింగులు, షాకులు నా కారుకు వేయమన్నాను. "శ్యాం బాబుని ఓపాలి అడగాలమ్మా" అన్నాడు. ఆర్‌సీ అతని మొహం ముందు పెట్టాను. పని అయ్యేదాకా షెడ్డులోంచి కదలలేదు. తీసిన గట్టి సెట్టును డిక్కీలో వేయించుకున్నాను. పిటిషనులో దొంగతనమన్నది దీన్నే.

నిన్న ఆదివారం ఆరున్నరకు మంచినీళ్ళపేట చేరాను. కారు ఎక్కడా ఎగరలేదు, పూండి గేటు దగ్గర రాసుకోలేదు. రాజులమ్మ ఇంటి ముందు జనం ఉన్నారు. తెల్లవారుజామున బయటికి వెళ్ళి వచ్చి కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిందట. నన్ను ఎవరూ లోపలికి పిలవలేదు. పోలయ్య నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండును.

నేను రేవు వైపు వెళ్ళి, తెప్పల దగ్గర ఉన్నవాళ్ళను లంగరుకు ఇనుము పనికొస్తుందా అని అడిగాను. "బాగా పనికొత్తాదమ్మా" అన్నారు. డిక్కీ తీసి మొత్తం సెట్టు వాళ్ళకు ఇచ్చేశాను. ఇప్పుడవి సముద్రంలో ఉన్నాయి. కావాలంటే శ్యాంసుందర్‌ను దిగి తెచ్చుకోమనండి.

ఇంటికి వచ్చాక అతను స్ప్రింగులేవని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రాజులమ్మ పోయిన సంగతీ చెప్పాను. "ఒక ముసిల్దాని కోసం నా బండి పాడు సేసినావా? కిడ్నీ రోగం కదా, ఎలగైనా పోయీదే" అన్నాడు. చెంప మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. ఆ సంగతి పిటిషనులో రాయలేదు. వదిన చేతిలో దెబ్బ తిన్నానని రాసుకోవడానికి నామోషీ కాబోలు. అతను రాయకపోయినా మీరు రాసుకోండి.

ఎలాగైనా పోయేదే అన్న మాటకు నా దగ్గర జవాబు ఉండాలి. లేదు. బుధవారం నాటి రక్తంలో రాజులమ్మ పొటాషియం 7.1 వచ్చింది. అది నిజమైతే ఆ రోజే ఆమెను విశాఖ తీసుకెళ్ళాలి. గొట్టం ఎర్రగా ఉంది కాబట్టి అది కారు పెంచిన అంకె అనుకున్నాను. మా ల్యాబు డాక్టరు గారూ అలాగే అన్నారు. మళ్ళీ తీయాలని రాసి దాన్ని కొట్టేశాం. అది ఆమె ఒంట్లోదో, కారు కుదుపుదో నాకు తెలియదు. ఇక ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడాన్ని నాకు అంటగట్టింది శ్యాంసుందర్. నేను బతికున్నంతకాలం అతన్ని క్షమించను.

"స్ప్రింగులకి సెక్షనున్నాదమ్మా. దీనికేటి సెక్షను పెట్టమంతావు?" అని హెడ్ కానిస్టేబుల్ గారు అడిగారు. సెక్షను మీరు చూసుకోండి, ఆ అంకె మాత్రం రాయండి అన్నాను. రాశారు.

ఇందులో ఉన్నవన్నీ నా నోటితో చెప్పినవే. చదివి వినిపించినప్పుడు, స్ప్రింగులు ఇచ్చేసిన చోట "ఆవేశంలో" అని ఒక మాట చేర్చి ఉంటే కొట్టివేయించాను. మిగిలినదంతా నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

సంతకం: పైల హిమజ