పోతుపూలు

బెంజ్ సర్కిల్ దగ్గర కదలని ఆటో. ముందు డ్రైవర్ జాన్ పాల్. వెనక, ఒళ్లో స్టీలు క్యారేజీతో మార్కండేయులు.

"ఇంకో సందులోంచి పోలేవా?"

"ఏ సందయినా ఇంతే బాబాయి గారూ. అన్నిసార్లు మూత తీస్తే కూర చల్లారిపోద్దండీ."

"కూర కాదు. పూలు."

"మీ కంకిపాడులో పూలే దొరకవాండీ?"

"ఇవి పోతుపూలు. ఆగాకరవి. గవర్నర్‌పేటలో మా చెల్లెలి డాబా మీద కోసుకొస్తున్నా. ఆగాకరకి పోతుతీగ వేరు, కాయ కాసే తీగ వేరు. ఈ పువ్వు తీసుకెళ్లి ఆ పువ్వుకి రుద్దాలి. ఎండెక్కిందంటే ఇది చచ్చుపడుద్ది. పద, పద."

"ఎక్కడికి పదమంటారు, బస్సు మీదికా? మీ ఇంట్లో పోతుతీగ లేదాండీ?"

"ఉండేది."

"ఎండిపోయిందా?"

"పీకేశా."

"ఎందుకండీ?"

"కాయ లేదు, పిందె లేదు. పందిరంతా ఆక్రమించుకుని కూర్చుంది. మగ్గం ఆగినకాణ్ణించి, పనీపాటా లేకుండా ఇంట్లో నేనొకణ్ణి చాలనిపించింది."

"అదేం మాటండీ..."

"మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గడ్డ అది. ఆ రోజు నుంచీ నాతో మాట్లాడదు. అన్నం పెడుద్ది, మాట్లాడదు. పొద్దున్నే పందిరి కింద నిలబడుద్ది. పుప్పొడి తగిలిన పువ్వయితే తొందరగా ముడుచుకుని, కింద కాయ ఊరుద్ది. తగలంది పిచ్చిది, మర్నాటిదాకా కళ్లు తెరుచుకునే ఉంటది. ఆనక పిందెతో సహా పసుపెక్కి రాలుద్ది. రోజూ ఊడ్చి ఎత్తేది ఆవిడే."

"అందుకా ఈ తిప్పలు. మీ ఫోనేనండీ, మోగుతోంది. స్పీకర్లో పెట్టుకోండి, ఈ హారన్లలో వినపడదు."

"ఆవిడే... హలో? సుందరీ?"

"ఎక్కడున్నారు?"

"బెంజ్ సర్కిల్. వస్తన్నా. ఇవేమో ముడుచుకుపోతున్నయ్, ఈ వెధవ ట్రాఫిక్కేమో..."

"పోనివ్వండి. పూలు రుద్దేశా."

"ఏ పూలు?"

"మీరు పీకిన గడ్డ నేను పారెయ్యలేదు. మన డాబా మీద కుండీలో పెట్టా. నిన్ననే మొగ్గలు చూశా. తెల్లారేసరికి విచ్చినయ్."

"నిన్ననే చూశావా? చూసి కూడా, పొద్దున క్యారేజీ కడిగి నా చేతికిచ్చావా?"

"చెబితే గుమ్మం దిగేవారా? మగ్గం ఆగాక మీరు చొక్కా తొడుక్కుంది ఇవాళే."