చిట్టియ్య నిచ్చెన

కూర్చోమంటే కూర్చోరేంటండి, శ్యామలాంబగారూ? చాప శుభ్రంగానే ఉంది. మైలిల్లని కాబోలు. మైల నిన్నటితో పోయిందండి, పెద్దకార్యం కూడా అయిపోయింది. సరే, మీ ఇష్టం, గుమ్మంలోనే నిలబడండి.

నిచ్చెన సంగతేగా? పెంకు నేసే బుల్లిరాజు పొద్దున్నే వచ్చి చెప్పాడు. కప్పుకి పడ్డ బొక్క పూడ్చమని మీరు కబురెట్టారంట, తీరా వచ్చి మా ఆయన నిచ్చెన ఇంకా పైనే ఉండటం చూసి వెనక్కి తిరిగిపోయాడంట. మాలో అంతేనండి. పడ్డవాడి నిచ్చెన వాడింటోళ్ళే దింపాలి. మండపేట అంతా తిరగండి, పైవాడెవడూ ముట్టడు.

తెలుసండి, పెళ్ళి దగ్గర పడింది. దుర్గాశ్రీ పాప పెళ్ళికని రంగులెయ్యడానికే కదా మమ్మల్ని పిలిచారు. మేడగది గోడ సగం కొత్తగా, సగం పాతగా ఉండిపోయింది. చూడ్డానికి బాగోదు మరి.

ఊళ్ళో మా ఆయన తాగి ఎక్కాడంటున్నారు. మీరూ విన్నారా? చిట్టియ్య పెంకుటింటి పని ఒప్పుకున్నాడంటే అది అయ్యేదాకా చుక్క ముట్టడండి. ఆ గోడకి చెయ్యందాలంటే కింది కప్పు మీదుగానే వెళ్ళాలి. అందుకని వెదురు నిచ్చెన కప్పు మీద పడుకోబెట్టి, తాడు ఇంటి నడికొప్పు మీంచి అవతలికి వేసి స్తంభానికి కట్టాడు. పెంకులు నలక్కుండా నిచ్చెన కింద గడ్డి కుక్కిన గోతాలు పెట్టాడు. నడుముకో తాడు, దాని కొస నిచ్చెన మెట్టుకి. మంచు ఆరితే గానీ ఎక్కేవాడే కాదు. పెంకు మధ్యలో కాలేస్తే అప్పడమేనే, అనేవాడు నాతో. నిచ్చెన మీదుంటే బరువు వాసాలన్నీ పంచుకుంటాయంట.

ఆ నిచ్చెన మీ దేవుడి గది మీద వేశాడు. మీ మీద పంతానికి కాదండి. టేకు వాసాలు అక్కడే ఉన్నాయి. పక్కన కొట్టుగది మీదవి తాడి వాసాలు, చెదపట్టి లోపలంతా పిండైపోయాయి. ఆ మాట మీకు చెప్తే, దేవుడి నెత్తిన కాళ్ళేంట్రా అన్నారు. ఆఖరికి, పూజ వేళకి దిగిపోతానంటే సరే అన్నారు. రోజూ దిగేవాడు. నూతి దగ్గర కూర్చుని బీడీ కాల్చుకునేవాడు, మీ పూజ అయ్యేదాకా.

ఆ రోజు వియ్యాలవారు వస్తున్నారని మీరు పూజ ముందే మొదలెట్టారు. తప్పని అనట్లేదండి. మీ ఇల్లు, మీ దేవుడు. మాకో మాట చెప్పాలని తోచలేదు, అంతే. రంగులేసేవాళ్ళకి ఎవరు చెప్తారు?

గంట మోగింది. నేను కింద రంగు కలుపుతున్నాను. తలెత్తేసరికి ఆయన నాలిక కరుచుకోవడం కనబడింది. కిందికి దిగాలన్నా ఆ గది నెత్తినంతా తొక్కుకుంటూ రావాలి కదా. అందుకని నడుం తాడు విప్పేసుకుని పక్కకి జరిగాడు. కొట్టుగది వైపు. వాసాలు పోయాయని ఆయనకి తెలుసండి, మీతో చెప్పినవాడే ఆయన. మరి ఆ క్షణాన దేవుడికే భయపడ్డాడో, మీకే భయపడ్డాడో. లెంపలేసుకుంటూనే కాలు మోపాడు.

పెద్ద చప్పుడేం కాలేదు. గంట ఇంకా మోగుతూనే ఉంది.

ఆ గదిలో ఎప్పుడూ ధాన్యం బస్తాలుండేవి. పెళ్ళి సామాన్లకి చోటు కావాలని బయటికి తీయించారు. ఉత్త గచ్చు మీద పడ్డాడు. మీ కార్లోనే రాజమండ్రి ఆసుపత్రికి బయల్దేరదీశారు, ఆ మేలు మర్చిపోను. ప్రాణం ద్వారపూడి దాటలేదు.

నాకు ఏడుపు రాలేదని మావాళ్ళు తిడుతున్నారండి. ఏం చెయ్యను? అన్నం తింటున్నాను, నిద్ర పడుతోంది. మీ మీద కోపం తెచ్చుకుందామని కూడా చూశాను. అదీ రావట్లేదు. మీరిక్కడ నిలబడితే, ఎవరో నిలబడ్డట్టే ఉంది.

ఏంటండి? మీ పాలేరు ఎక్కుతాడా? నేనొచ్చి కింద నిలబడితే చాలా? అక్కర్లేదండి. నేనే ఎక్కుతాను. ఆయనకి రోజూ తాడు కట్టింది నేనే. ఎక్కడ అడుగెయ్యాలో నాకు తెలుసు.

తెల్లారకముందే రమ్మంటారా? అర్థమైందిలెండి. బొట్టు లేని మొహం పెళ్ళివారికి ఎదురు పడకూడదు. కానీ మంచు ఆరాలి కదండి. తడి పెంకు మీద కాలు జారితే ఇంకో నిచ్చెన దింపేవాళ్ళెవరూ లేరు మా ఇంట్లో. ఎండెక్కాకే వస్తాను.

ఆ, మీ పూజ వేళే. టేకు వాసాలున్నది అక్కడే కాబట్టి దేవుడి గది మీంచే ఎక్కుతాను. ఆయన వేసిన ముళ్ళు గట్టివి, ఒక పట్టాన రావు. అక్కడే కూర్చుని ఒక్కోటీ విప్పాలి.

నాకోసం పూజ ఆపుకోకండి. మీ వేళకి మీరు చేసుకోండి. గంట కూడా కొట్టుకోండి. నేను మాత్రం పక్కకి జరగనండి.