ప్రార్థన కాస్త పొడుగ్గా

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ప్రిన్సిపాల్ ఫాదర్ గారికి, నాకంటే ముందే రిటైరై ముందు వరసలో హాయిగా కూర్చున్న పెద్దలకు, తోటి టీచర్లకు, స్మారక నిధికి ఏటా తమ వంతు పంపుతున్న పూర్వ విద్యార్థులకు, ఇదెప్పుడు అయిపోతుందా అని గడియారం వంక చూస్తున్న పిల్లలకు, అందరికీ నమస్కారం. పిల్లలూ, నేనూ ఆ గడియారం వంకే చూస్తున్నాను. (నవ్వులు)

ఇందాకటి నుంచి నా గురించి చెప్పినవన్నీ విన్నాను. ఇంకెవరి గురించో అనుకుని మధ్యలో ఒకసారి చప్పట్లు కూడా కొట్టాను. నాకు ఓపిక ఎక్కువన్నారు. ఓపిక కాదండీ, అలసట. బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. అలసిపోయినవాడు అరవడు, ఎదురు చెప్పడు, సంతకం పెట్టమన్న చోట పెట్టేసి ఇంటికి పోతాడు. నేను చాలా ఏళ్లుగా అలాగే పోతున్నాను. ఈ ఒక్కరోజు మాత్రం ఒక మాట చెప్పి పోతాను. ఎలాగూ రేపు నన్ను స్టాఫ్‌రూములోకి పిలిచి అడిగేవాళ్లుండరు.

నా వెనక ఉన్న ఆ ఫోటో చూడండి. కొత్త పిల్లలకి వాళ్లెవరో తెలియదు. ఎడమ పక్కన లెక్కల సిస్టర్. చేతులకీ, కళ్లద్దాలకీ ఎప్పుడూ సుద్దపొడే కాబట్టి మేం సుద్దముక్క సిస్టర్ అనేవాళ్లం. కుడి పక్కన డ్రిల్లు మాస్టారు. ఆయన మాట కంటే ఈల ముందొచ్చేది కాబట్టి ఈల మాస్టారు. ఆ ఇద్దరికీ క్షణం పడేది కాదు. లెక్కల పీరియడు మధ్యలో ఈయన పిల్లల్ని ఆటలకి లాక్కుపోయేవారు, ఆట మధ్యలో ఆవిడ గ్రౌండులోకి దిగి వాళ్లని వెనక్కి లాక్కొచ్చేవారు. ఎదురెదురుగా నిలబడి కూడా "మీ సిస్టర్‌తో చెప్పు", "మీ మాస్టారితో చెప్పు" అని మా చేత కబుర్లు పంపుకునేవారు. అలాంటి ఇద్దర్నీ తీసుకొచ్చి ఒకే ఫ్రేములో బిగించాం. పైన ఎలా వేగుతున్నారో ఏమో! (నవ్వులు)

నేనిక్కడ చదువుకునే రోజుల్లో పొద్దున్నే ఈ హాల్లోనే, ఈ బెంచీల మీదే ప్రార్థన. ఇక్కడ నేను నిలబడ్డ చోట నిలబడి ఈల మాస్టారు చేయించేవారు. మామూలుగా చిటికెలో అయిపోయేది. కొన్ని రోజులు మాత్రం ఎంతకీ తెమిలేది కాదు. జబ్బు పడ్డవాళ్ల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం, వాన కోసం, వాచ్‌మన్ గారి పంటినొప్పి కోసం, ఒకసారైతే తెగిపోయిన వాలీబాల్ నెట్టు కోసం కూడా ప్రార్థించాం. కళ్లు మూసుకుని మూసుకుని కునుకు పట్టేది. అయినా ఎవరూ కళ్లు తెరిచేవాళ్లం కాదు. ఎందుకని అడిగితే మాకూ తెలియదు. తెరవకూడదు, అంతే. సీనియర్లు మాకు చెప్పారు, మేం చిన్నవాళ్లకి చెప్పాం.

నాకది తెలిసింది సిస్టర్ పోయిన రోజున. సమాధి దగ్గర్నించి ఇంటికొచ్చాక నా భార్య చెప్పింది. ఆవిడా ఈ బడిలోనే చదువుకుంది, పక్క వరసలోనే కూర్చునేది. ఆ చివర తలుపు దగ్గర కూర్చున్నారు చూడండి, ఆవిడే. ఈ సంగతి చెప్పమని తనే అంది, లేకపోతే నాకంత ధైర్యం ఎక్కడిది! యూనిఫాం చిరిగిపోయి, ఇక బడి మానేద్దామనుకున్న వారంలో, పొడుగు ప్రార్థన ఒకటి జరిగి కళ్లు తెరిచేసరికి తన సంచిలో కొత్త యూనిఫాం ఉందట. పెళ్లయి పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా నాకు కూడా చెప్పలేదు. "నేనెప్పుడూ ఎవరి ముందూ చెయ్యి చాచలేదు, ఇంక చెప్పడానికేముంది" అంది.

తర్వాత మాస్టారి దగ్గరికి వెళ్లి అడిగాను. "మీ ఇద్దరికీ పడేది కాదు కదండీ?" అన్నాను. "ఇప్పటికీ పడదు" అన్నారాయన, పోయిన మనిషి మీద! ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. సిస్టర్ చేతిలో సుద్దముక్క ఉంటే పొట్టి ప్రార్థన. సుద్దముక్క కిటికీ గట్టు మీద పెట్టారంటే పొడుగు ప్రార్థన. ఆవిడ వరసల మధ్య నడిచి పని ముగించుకుని, మళ్లీ సుద్దముక్క చేతిలోకి తీసుకునేదాకా ఈయన ఆమెన్ అనకూడదు. ఎవరికి ఇస్తున్నారో ఆయనా చూసేవారు కాదు. "నేనూ కళ్లు మూసుకునేవాణ్ణిరా, గట్టు వంక మాత్రం మధ్యమధ్యలో ఓరగా చూసేవాణ్ణి" అన్నారు. అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

నీళ్లు తాగుతానండీ.

మాస్టారూ పోయాక, వాళ్ల మీద ప్రేమకొద్దీ మనమంతా కలిసి, ఏటా ఒక పేద విద్యార్థి చదువుకని ఈ నిధి పెట్టాం. ప్రేమ నిజమే, కాదనను. కానీ వాళ్లు మనందరి కళ్లూ మూయించి చేసిన పనిని మనం లైట్లు వేసి, వేదిక కట్టి, పూలగుత్తి ఇచ్చి, తలుపంత అట్ట మీద చెక్కు రాయించి చేస్తున్నాం. ఒక ఏడు ఆ అట్టతో ఒక పిల్లవాణ్ణి కండక్టరు బస్సెక్కనివ్వలేదు. పాపం ఆ పిల్లవాడు దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటిదాకా నడిచాడు. దారి పొడవునా జనం చదువుకున్నారు. మర్నాటి నుంచి క్లాసులో వాడి పేరు పోయి 'ఫండు' అయింది. "ఫండూ, ఇటు రారా" అనేవాళ్లు. ఏడాది తిరక్కుండా బడి మారిపోయాడు.

ఈ ఏడు ఎంపికైనవారు మొన్న నా దగ్గరికి వచ్చారు. అమ్మాయా, అబ్బాయా, ఏ క్లాసు అని ఆరాలు తీయకండి, చెప్పను. "స్టేజీ ఎక్కాలంటే నాకొద్దు సార్. చదువు మానేస్తాను" అని ఒక్క మాట అని వెళ్లిపోయారు. నేను ఫాదర్ గారితో మాట్లాడాను. ఫోటో లేకపోతే దాతలు బాధపడతారేమో అన్నారు. ఆయన తప్పు కాదు, బడి నడిపే మనిషికి అందరి మంచీ కావాలి. దాతల్లారా, మీలో ఎవరెవరి సంచుల్లో ఏమేం దొరికిందో నాకు తెలియదు. మీకు తెలుసు. మీకు ఫోటో కావాలా?

(దాతల్లో కొందరు వద్దన్నట్టు తల ఊపుతారు)

సరే. అనౌన్సరు గారూ, పేరు రాసిన చీటీ కోసం వెతక్కండి, పొద్దున్నే నా జేబులోకి వచ్చేసింది. అసలు చెక్కు ఉన్న కవరు కూడా నా దగ్గరే ఉంది. ఆ అట్టని దయచేసి ఎవరైనా లోపల పెట్టేయండి.

నన్ను ఇన్నాళ్లు భరించినందుకు తోటి టీచర్లకు, నేను విసుక్కున్నా మర్నాడు మళ్లీ నవ్వుతూ పలకరించిన పిల్లలకు, ఇప్పటిదాకా నన్ను కిందికి దించెయ్యని ఫాదర్ గారికి, నా కృతజ్ఞతలు. ఫాదర్ గారూ, ఒక్క కోరిక. మీరొచ్చి ఈ మైకు తీసుకుని ప్రార్థన చేయించండి. కాస్త పొడుగ్గా. జబ్బు పడ్డవాళ్లనీ, ప్రయాణాల్లో ఉన్నవాళ్లనీ ఎవరినీ వదలొద్దు, వాలీబాల్ నెట్టుతో సహా. మా సిస్టర్ నడక చురుకు, నా మోకాళ్ల సంగతి మీకు తెలుసు. పైగా నేను ప్రతి వరసలోనూ ఆగుతాను.

(ఫాదర్ లేచి మైకు దగ్గరికి వస్తారు)

అందరూ కళ్లు మూసుకోవాలి, ఫోటోగ్రాఫరు బాబూ, నువ్వు కూడా. నా చెప్పుల చప్పుడు మీ పక్కనే ఆగినా ఎవరూ చూడొద్దు. మీరు కళ్లు తెరిచేసరికి నేను ఆ చివరి తలుపు దాటి, మా ఆవిడతో కలిసి ఇంటి దారిలో ఉంటాను.

ఇక కళ్లు మూసుకోండి. సెలవు.