ముందు వరుసల ఎవలు

బీదరు కోట అవతల ఏసప్ప ఇల్లు. మెడ కింద ఏదీ కదలక ఏండ్ల సంది ఆయన లోపల మంచంలనే ఉన్నడు. ఎనుక పెరట్ల ఆయన పెండ్లాం హేబ్సిబా మెంతికూర కోస్తున్నది. మరిది సిలాసు వచ్చి గట్టు మీద కూసున్నడు.

“మెల్లగ మాట్లాడు సిలాసూ, మీ అన్నకు ఇప్పుడే కునుకు పట్టింది.”

“మెల్లగనే అంటున్న వదినె. నువ్వే కొడవలి గట్టిగ ఆడిస్తున్నవ్.”

“కొడవలి సప్పుడుకు లేవడు. కుస్తీ అన్న మాటకు లేస్తడు. ఆ మాట ఈ ఇంట్ల అనొద్దన్నడు గద.”

“అనకుండ ఎట్ల అడగాలె మరి? నాకు ఈ మడి కావాలె.”

“కూర కావాలంటె కోసిస్త. మడి ఎందుకు?”

“తెల్వనట్టు అడుగుతవ్. ఇది మడి గాదు, కుస్తీలు పట్టే అఖాడ. నైజాం కాలంల మా నాయిన ఎర్రమట్టి తెచ్చి, నూనె, మజ్జిగ, పసుపు పోసి తొక్కిన మట్టి.”

“అందుకే మెంతి గింత గుబురుగ వస్తది. మీ నాయిన పోసిన నూనె ఇంక తింటనే ఉన్నది.”

“నవ్వులాట గాదు వదినె.”

“నేను నవ్వలే.”

“మైసూరు రాజ్యంల కలిసినమా, సర్కారు మారిందా, అన్ని మారినయి. మన పోరగాండ్లు మాత్రం కొల్హాపూరు పోయి ఎవని మట్టిలనో పడుతున్నరు. ఈ యేడు గూడ కుస్తీ పోటీల దంగల్ పెట్టకుంటె మా నాయిన అఖాడ అన్న మాటనే ఉండదు.”

“ఎవలు జూస్తరు నీ దంగల్?”

“మస్తు మంది వస్తరు.”

“ఎంతమంది అని అడగలే. ఎవలు అని అడిగిన.”

“ఊరూర పంచ ఇస్తెహారు కాయితాలు అచ్చు కొట్టిస్త. కన్నడంల ఒకటి, ఉర్దూల ఒకటి. భాల్కి దిక్కు పంచేటందుకు మరాఠీల ఒకటి.”

“తెలుగుల?”

“తెలుగుల ఎవలు చదువుతరు, మన సంఘపోళ్లు తప్ప? వాళ్లేమో కుస్తీ అంటెనే పాస్టరయ్య దిక్కు జూస్తరు.”

“అయితె మనోళ్లు రారు. ఇంకెవలు?”

“జనవాడ రైతులు వస్తరు. ధన్నూర నుంచి బండ్లు కట్టుకొని వస్తరు. బజారు సావుకార్లు వస్తరు, ఆ పైసలు పెట్టి షర్తులు కట్టేటోళ్లు…”

“ఆగు. ఎవలన్నవ్?”

“అదే… వాళ్లు లేకుండ దంగల్ నడువదు వదినె. ముందు వరుస ఎప్పటికి వాళ్లదే.”

“మీ అన్న పడ్డ దినం గూడ ముందు వరుస వాళ్లదే గద.”

“ఆ సంగతి ఎందుకిప్పుడు?”

“ఎప్పుడు మరి? మీ అఖాడల డప్పు కాయిదా ఏంది, చెప్పు.”

“నీకు తెల్సు.”

“నువ్వు చెప్పు. నేను ఆడదాన్ని, ఆ మట్టి దగ్గరికి గూడ రానియ్యకపోతిరి.”

“డప్పు మోగినంత సేపు పట్టు ఇడువొద్దు. ఆగంగనే ఇడువాలె.”

“జనవాడ సిద్దప్ప ఇడువలే మరి, మీ అన్న మెడను.”

“డప్పు ఆగలే వదినె. వాని తప్పు గాదు. అన్న మెడ మడతపడ్డది జూసి రాచయ్య డప్పు దించబోయిండు. ముందు వరుసల కెల్లి రూపాయి బిళ్లలు ఇసిరిండ్రు డప్పు మీద, కొట్టు, ఇంక కొట్టు అని. రాచయ్య కొట్టిండు.”

“కొట్టిండు. నేను గోడ ఇవతల జొన్నరొట్టెలు చేస్తున్న. డప్పు ఆగుతలేదు, ఆగుతలేదు. ఇంక నిలవడ్డడు నా మొగడు, గెలుస్తడు అనుకున్న. ఇంకో రొట్టె ఎక్కువ చేసిన.”

“వదినె…”

“తడిక మీద ఏసుకొచ్చిండ్రు. ఆ ముందు వరుసల కెల్లి ఒక్కడన్న ఈ గడప తొక్కిండా? మంచంల పడ్డ పైల్వాన్ని జూస్తె షర్తు ఓడుతరట. అపశకునమట.”

“ఈసారి అట్ల గానియ్య. కుస్తీ ఆపేటందుకు ఇద్దరు పంచులను పెడ్త.”

“వాళ్ల మీద గూడ బిళ్లలు ఇసురుతరు.”

“అయితె షర్తులు బంద్.”

“బంద్ జేస్తె వాళ్లు రారు. వాళ్లు రాకుంటె నడువదని నువ్వే అంటివి.”

“కుర్చీలు ఏయిస్త. ఆఫీసర్లను పిలుస్త, బడి పంతుళ్లను పిలుస్త. ఆడోళ్లకు పరదా కట్టి…”

“చూసెటోని బట్టలు మారుస్తున్నవు గంతే. కుర్చీల కూసున్నోడు కొట్టు కొట్టు అని ఒర్లడా?”

“మరి ఎసొంటోళ్లు రావాలె? నువ్వే చెప్పు.”

“ఎవలు రావద్దో ఎరుక. ఎవలు రావాల్నో నాకేం ఎరుక?”

“ఒక మాట దాచిన వదినె.”

“అది ఎరుకే. వచ్చినకాడ్నుంచి గోర్లు కొరుకుతున్నవ్.”

“అఖాడ మళ్ల తెరువమన్నది నేను గాదు. సిద్దప్ప.”

“ఏ సిద్దప్ప?”

“వాడే. ఆ దినం సంది మట్టిల దిగలే వాడు. ఒక్కసారి ఇదే మట్టిల దిగుతడట. డప్పు ఆగినా ఆగకున్నా, అవతలోడు నొచ్చిండంటె పట్టు ఇడుస్తడట, అందరు సూడంగ. ఓడినా సరేనంట.”

“ఇన్నేండ్లల్ల ఒక్కసారి ఈ ఇంటికి రాలేదేం?”

“రెండుసార్లు సందు మొదటి దాంక వచ్చి మర్లిపోయిండు. నీ మొకం ఎట్ల జూడాలె?”

“నా మొకం ఎందుకు? లోపలున్నోని మొకం సూడమను. మడి ఇయ్య. పో సిలాసూ, కూర పట్టుకపో.”

“మెల్లగ వదినె. అన్న లేస్తడు.”

“లేస్తడా? లేస్తె గద బాగుండు.”

“హేబ్సిబా.”

“అగో, లేపినవ్ సిలాసూ. ఏం లేదయ్యా, నువ్వు పండుకో. సిలాసు మెంతికూరకు వచ్చిండు.”

“నిద్ర ఎక్కడిది? కుస్తీ అన్న మాట కాడ్నుంచి ఇంటున్న. సిలాసూ.”

“అన్నా.”

“సిద్దప్పను దిగుమను. రాచయ్యనే డప్పు కొట్టుమను. నా మంచం తీస్కపోయి ముందు వరుసల, డప్పు పక్కకు ఎయ్యుండ్రి.”

“మంచంల నిన్ను జూస్తె షర్తులోళ్లు లేచిపోతరన్నా. దంగల్ సగం ఖాళీ అయితది.”

“కానియ్యిరా. నన్ను జూసినంక గూడ లేవకుండ కూసున్నోడు ఎవడో, మన కుస్తీ వాని కోసం.”

“ఏందయ్యా నువ్వనేది? జాతరల బొమ్మ లెక్క నిన్ను అందరి నడుమ పెట్టాల్నా? నేను సూడగల్గుతనా?”

“నువ్వు నా పక్కనే కూసుంటవు. ఎవడు రానియ్యడో జూస్త. హేబ్సిబా, కోసింది సాలు. ఇగ ఏర్లతోని పీకు.”