సరళకుమారి గారికి మనం రాసిన పది కార్డులు

2000 ఏప్రిల్ 3న మన నోయిడా టీవీ స్టూడియోలో వ్యాఖ్యాతగా చేరిన శ్రీమతి సరళకుమారి గారిని 2005 ఆగస్టులో తెర మీద నుంచి దించేసింది ప్రేక్షకులు కాదు. యాజమాన్య పెద్దలారా, దించింది మీరు. మీ మాటకు తలూపి, చేతులారా దొంగ ఉత్తరాలు రాసిచ్చిన పదిమంది సిబ్బందీ ఆ పాపంలో వాటాదారులు. ఈ వ్యాసం రాస్తున్నవాడూ ఆ పదిమందిలో ఒకడే. ఆమె పదవీ విరమణ సన్మాన సంచికలో ఈ గొడవేమిటని ముఖం చిట్లించేవారు పేజీ తిప్పేసుకోవచ్చు.

ఢిల్లీ ఆసుపత్రిలో ఇరవై నాలుగేళ్లు నర్సుగా సేవలందించి స్వచ్ఛంద విరమణ తీసుకున్న ఆమెను నోయిడాకు తీసుకొచ్చినవారు మన ఫ్లోర్ మేనేజరు జనార్దనరావు గారు. జనక్‌పురి తెలుగు సంఘం వారి క్రిస్మస్ నాటకంలో సత్రం యజమానురాలిగా ఆమె ‘గది లేదు’ అన్న ఒక్క మాటను పది రకాలుగా అంటుంటే, జనం పొట్ట పట్టుకుని నవ్వడం ఆయన కళ్లారా చూశారు. ఆ వారమే కబురు పంపారు.

ఆ తరువాత ఐదేళ్లు ఆదివారం ఉదయం ‘సరదా సంత’ అంటే సరళకుమారి గారే. పాటకు ముందు పలికే నాలుగు మాటలూ ఆవిడవే, ఆటలాడించేదీ ఆవిడే, హాస్య నాటికలో అద్దెకున్నవాళ్లను హడలగొట్టే ఇంటి ఓనరమ్మా ఆవిడే. “ఠీక్ హై, ఇల్లిస్తాను. కానీ చేపలు వేయిస్తే వాసన నా గడప దాటి రాకూడదు, ముక్కలు రావాలి!” అని ఆమె అన్న వారం, సరోజినీ నగర్ మార్కెట్లో తెలుగు ఆడవాళ్లు చుట్టూ మూగి ఆమెను చీర కొననివ్వలేదు. ఇంత పేరొచ్చినా మనందరికీ ఆమె ‘సిస్టరే’. ప్రేక్షకులు రాసే ప్రతి ఉత్తరానికీ ఆ వారంలోనే తన చేతిరాతతో జవాబివ్వడం ఆమె పెట్టుకున్న నియమం.

2005లో యాజమాన్యానికి పడుచు ముఖం కావాల్సి వచ్చింది. తీసేయడానికి కాగితం మీద కారణం ఉండాలి కదా! టీ గదిలో పదిమందికి పది పోస్టుకార్డులు పంచి, ప్రేక్షకుల పేర్లతో రాయమన్నారు. రాశాం. జనార్దనరావు గారు ‘వాసవి’ అనే లేని అమ్మాయి పేరు పెట్టి, “ఈ ముసలి ముఖం చూడలేకపోతున్నాం” అని రాసి, చిరునామా దగ్గర కలం ఆగిపోతే ఇందిరాపురంలోని తన ఫ్లాటు నంబరే వేసేశారు. మీటింగులో చూపించి పారేసే కార్డే కదా అనుకున్నారు. యాజమాన్యం మాత్రం ఆ పదీ తెచ్చి ఆమె చేతిలోనే పెట్టింది. జవాబివ్వకుండా ఆమె ఒక్క కార్డునూ వదలరన్న సంగతి, ఐదేళ్లుగా ఆ జవాబులను పోస్టు చేస్తున్న మనలో ఒక్కరికీ తట్టలేదు.

తొమ్మిది జవాబులు చిరునామా దొరక్క స్టూడియోకు తిరిగొచ్చాయి. ఆమె కంటపడకుండా దాచేశాం. పదోది జనార్దనరావు గారి ఇంటికి చేరింది.

“ఏమండీ, మనింట్లో వాసవి ఎవరు?” అంటూ ఆయన భార్య జానకీదేవి గారు కార్డు పైకి చదివారు. “అమ్మా వాసవీ, ఉన్నమాట చెప్పావు, నాకు కోపం లేదు. కొత్తమ్మాయి వస్తోంది. తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. నేర్పిస్తున్నాను. తడబడితే నవ్వకండి.”

ఆయన కార్డు లాక్కోబోయారు.

“మీరే రాశారా?”

“ఆఫీసు పని జానకీ.”

“ఆసుపత్రిలో మామయ్యగారికి మూడు రోజులు చెంచాతో జావ పట్టిన మనిషి ముఖం బాగాలేదని రాయడం ఆఫీసు పనా? అచ్ఛా! మరి ఆ జావ ఎవరి ఆఫీసు పనండీ?”

ఆ తరువాత నాలుగేళ్లూ సరళకుమారి గారు తెర వెనుక కూర్చుని, కొత్త వ్యాఖ్యాతకు తెలుగు మాటలను హిందీ అక్షరాల్లో రాసిస్తూ, ఒత్తులు పలికిస్తూ, ఒక్క రికార్డింగైనా మానకుండా పనిచేశారు.

కిందటి నెల నిజం చెప్పేద్దామని జనార్దనరావు గారు జనక్‌పురి వెళ్లారు. ఆయన నోరు విప్పేలోగానే ఆమె బీరువాలోంచి పది కార్డులూ తెచ్చి చూపించారు. “వీళ్లు మొహమాటం లేకుండా చెప్పారు కాబట్టి సరిపోయింది రావు భయ్యా, లేకపోతే జుట్టుకు రంగేసుకుని ఇంకా గెంతుతూ ఉండేదాన్ని. ఈ వాసవికి నా జవాబు అందిందో లేదో! మీ ఇందిరాపురమే కదా, ఓసారి కనుక్కోండి.”

“అలాగే సిస్టర్” అని, టీ తాగి, వచ్చేశారు. ఆ సిగ్గు నాతో చెప్పుకున్నదీ ఆయనే. ఈ సంగతంతా అచ్చువేయమన్నదీ ఆయనే.

ప్రేక్షకులు తనను వద్దన్నారన్న అబద్ధాన్ని వెంటపెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లకూడదు. కాబట్టి మే 31న సన్మాన సభలో, ఈ సంచిక ఆమె చేతికి అందకముందే, కార్డు రాసిన ప్రతి ఒక్కరూ పేరు చెప్పి లేచి నిలబడాలి. దాచిన తొమ్మిది జవాబులూ ఆమె చేతిలో పెట్టాలి. యాజమాన్యం ఆ తరువాతి ఆదివారం ‘సరదా సంత’లో ప్రేక్షకులకు జరిగింది చెప్పి, కెమెరా ఆమె వైపు తిప్పాలి. ఆమె ఎంతసేపు మాట్లాడితే అంతసేపు తిప్పి ఉంచాలి. సరళకుమారి గారు చెక్కుచెదరని ఆరోగ్యంతో చిరకాలం సుఖంగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. ఆ మాట ఆమె ఎదుట అనాలంటే ముందు మనకు అర్హత రావాలి. మొదట తానే లేస్తానని జనార్దనరావు గారు మాటిచ్చారు. మిగతా తొమ్మిదిమందిమీ లేచేదాకా ఆమెకు కప్పబోయే శాలువాను ఎవరూ ముట్టుకోవద్దు.