కుంభరాశి గది

గార్లదిన్నెలో కొత్తగా కట్టిన గది. పెయింటరు టీ తాగడానికి వెళ్లాడు. రంగు ఆరని గోడ ముందు అత్తాకోడళ్లు నిలబడి ఉన్నారు.

"ఏమ్మే, ఏంది ఈ బొమ్మ?"

"పాపది కుంభరాశి కదత్తా. రాశికి తగినట్టు గది చేపిస్తాండా. కర్టెన్లు గూడా నీలం రంగువే."

"గోడమీద గీయమని అయ్యవారు చెప్పినాడా?"

"అయ్యవారు చెప్పలే, ఫోన్లో యాప్ చెప్పింది."

"కుండ బాగుండాది. దాంట్లోంచి ఆ నీళ్లు యాడికి పోతాండాయి?"

"కిందికి. డిజైనే అట్లుంటాది."

"ట్యాంకరు కోసం బిందెలు పట్టుకోని నిలబడే ఊర్లో నీళ్లు పారబోసే డిజైనా! కింద రెండు శెనక్కాయ చెట్లన్నా గీయమను, వాటికి పారతాయి."

"పడగ్గదిలో శెనక్కాయ చేనా? సరే, గీపిస్తాలే. ఇంగేమన్నా ఉండాదా?"

"తెల్లారుజామున పాప దుప్పటి తన్నేస్తాది. మళ్లా ఎవురు కప్పుతారు, ఈ కుండ కప్పుతాదా?"

"అదా నీ బాధ! ఐదేండ్లొచ్చినాయి, ఒక్కతే పడుకోడం నేర్చుకోవద్దా అత్తా?"

"నేర్చుకోనీ, నేనేమన్నా వద్దంటినా? పాలు మాన్నప్పట్నుంచి నా పక్కలోనే పండుకుంటాంది. దానికి భయం ల్యాకపోయినా, నాకు నిద్ర పట్టొద్దా?"

"నీదే రాశి అత్తా? ఈ పక్క గోడ ఖాళీగానే ఉండాది."

"నాకు రాశి యాడిది? పెద్ద కరువొచ్చిన ఏడు పుట్టినానని మాయమ్మ చెప్తాండె."

"అయితే ఆ గోడ నిండా వాన గీపిస్తా."

"గీపియ్. నా మంచం గూడా ఆ గోడకే ఏపియ్."