మనిషికి మనిషి

"తాడు తెగితే?"

"ఇంకా ఎక్కనే లేదమ్మా!"

(కొండ అంచున రోప్‌వే గది. ఒక తల్లి, ఆమె కూతురు, రోప్‌వే నడిపే ఆపరేటరు. గోడకి, కింది గదితోనూ పెట్టెలతోనూ మాట్లాడే ఫోను.)

"ఎక్కాక తెగితే చెప్పడానికి నువ్వుంటావా? ఒరే ఆపరేటరూ, తెగదు కదా?"

"మనుషులు ఎక్కితే కదా పిన్నీ తెగడానికి! పెట్టినప్పటినుంచీ మనిషన్నవాడు దిగిందే లేదు."

"చూశావటే! ఎవరూ దిగలేదట. ఎందుకు దిగలేదో కనుక్కున్నావా?"

"రూలు పిన్నీ. రెండు పెట్టెలూ ఒకే తాడుకున్నాయి. ఇది దిగితే అది ఎక్కుతుంది. కొండవాళ్లకీ కిందివాళ్లకీ సమానంగా ఉపయోగపడాలని పథకం వాళ్లు రాసిపెట్టారు. ఇటు ఎంతమంది దిగితే అటునుంచి అంతమంది ఎక్కాలి. మనిషికి మనిషి."

"కింది పెట్టెలో ఏ రాళ్లో పెట్టి లాగొచ్చుగా?"

"మమ్మల్ని రాళ్లతో సమానం చేస్తారా అని కిందివాళ్లు గొడవ చేశారు."

"మరి వాళ్లు ఎక్కొచ్చుగా?"

"మీ కొండమీద మాకేం పని అంటారు."

"మన అల్లం ఎలా దిగుతోందిరా మరి?"

"బస్తాలకి రూల్లేదు పిన్నీ."

"అయితే నా పిల్లని బస్తాలో కట్టి పంపు."

"అమ్మా!"

"వద్దులే, ఊపిరాడదు. నడిచి పోరాదటే?"

"దారి రాత్రి వానకి కొట్టుకుపోయిందిగా. మొన్నే దిగిపోతానంటే జారిపడతావని నువ్వేగా ఆపావు!"

"నువ్వు జారతావన్నాను, దారే జారింది. నా భయం అబద్ధమా?"

"అమ్మా, టైమైపోతోంది. మార్కెట్ కమిటీలో మన కొండకంటూ వచ్చింది ఆ ఒక్క కుర్చీ. మధ్యాహ్నంలోగా వెళ్లి కూర్చోకపోతే ప్రెసిడెంటుగారి బావమరిదికి ఇచ్చేస్తారు. ఇంక మన అల్లానికి వాళ్లు చెప్పిందే ధర."

"ఉండు, ఏడవకు. ఒరే, కింద ఎవరున్నారో అడుగు."

"అడిగా పిన్నీ. ప్రెసిడెంటుగారే ఉన్నారట. అక్క దిగుతుందో లేదో చూసిపోదామని వచ్చారట."

"ఇలా ఇవ్వు ఫోను. బాబూ, ప్రెసిడెంటుగారూ! మీరు ఎక్కండి బాబూ."

"నేనా? నేను పైకొస్తే మీటింగెవరు నడుపుతారమ్మా?"

"మా అమ్మాయి నడుపుతుంది."

"అమ్మా! ఏంటా మాటలు!"

"నువ్వూరుకోవే. చెప్పండి బాబూ."

"చూడమ్మా, కుర్చీ మీకే ఇచ్చాం. రోప్‌వే మీకే వేశాం. దిగొద్దని మేం అన్నామా?"

"దిగొద్దని అనలేదు. ఎక్కం అన్నారు. మాకు రెండూ ఒకటే కదా బాబూ?"

"రూలు నేను పెట్టలేదు."

"సరే. ఒరే ఆపరేటరూ, ఇవాళ్టినుంచి అల్లానికీ అదే రూలు. ఒక బస్తా అల్లం దిగాలంటే కిందినుంచి ఒక బస్తా అల్లం ఎక్కాలి."

"అల్లానికి అల్లం! అలాగే పిన్నీ."

"అదేం రూలు? కింద అల్లమెక్కడ పండుతుందమ్మా?"

"సమానమంటే సమానమే బాబూ. పథకం వాళ్లడిగితే మేమూ రాసి చూపిస్తాం."

"అమ్మా, నువ్వేనా ఈ మాటలంటోంది?"

"నోరు ఆడుతోంది గానీ చూడు, రెండో చేత్తో గోడ వదిలానా? బాబూ... పోనీ, మీకు భయమా?"

"భయమేంటి! నాకు భయమేంటి!"

"భయమే. ఆ గొంతు నాకు తెలీదా? నేనైతే చచ్చినా ఎక్కను. మీరు మగాళ్లు, ఎక్కగలరు. కడ్డీ గట్టిగా పట్టుకోండి. కిందికి చూడకండి. కళ్లు మూసుకున్నా ఫర్వాలేదు, ఇక్కడ ఎవరూ నవ్వరు. నేను గడపలోనే నిలబడి చెయ్యందిస్తాను. హలో? బాబూ?"

"పెట్టేశాడా?"

"లేదే. ఊపిరి వినపడుతోంది."

"ఏమంటున్నాడు?"

"ఎవరితోనో గుసగుసలాడుతున్నాడు. కళ్లు తిరిగి పడిపోతే ఆ పాపం మనకి చుట్టుకుంటుందే! బాబూ! పలకండి బాబూ!"

"పిన్నీ, కింది పెట్టె తలుపు పడినట్టు బెల్లు మోగింది."

"ఎక్కాడా? ఒక్కడే ఎక్కాడా? బాబూ, ఒక్క మాటనండి బాబూ, నా గుండె ఆగిపోయేలా ఉంది!"

"అమ్మా, మెల్లిగా!"

"బాబూ!"

"ఎక్కానమ్మా. నన్నొక్కణ్ణే పంపనని మా అమ్మ కూడా ఎక్కి పక్కన కూర్చుంది. ఇటునుంచి ఇద్దరం వస్తున్నాం. అటునుంచి ఇద్దరు దిగాలి కదమ్మా, మీరూ ఎక్కండి."